బుట్టలో ఐదు రోజులు

నేను ఒక చెప్పును. జతలో కుడిదాన్ని. షాపు అద్దాల వెనక కూర్చుని ఎవరో ఒకరు కొంటారని ఎదురుచూసిన జాతి కాదు నాది. విజయవాడలో ఒక షుగరు ఆసుపత్రి పక్కన, ఏసుదాసు అనే అతను నేల మీద కాగితం పరిచి, నాగభూషణం గారి పాదాన్ని దాని మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ గీత ప్రకారం నన్ను కోశాడు. అడుగున మెత్తటి ఎమ్‌సీఆర్ రబ్బరు. పైన రెండు పట్టీలు, మడమ వెనక ఒకటి. మేకు ఒక్కటీ లేదు. మేకు పైకి లేచినా తొడుక్కున్న మనిషికి తెలియదు కాబట్టి.

నాగభూషణం గారికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. నలభై ఏళ్లు అందులో నిలబడే పని చేయించారు. షుగరు వచ్చి ఇరవై రెండేళ్లు, పాదాల్లో స్పర్శ పోయి ఆరేళ్లు. డాక్టరు నైలాను దారంతో అరికాలు తాకుతూ "తగిలిందా?" అని అడిగేవాడు. కళ్లు మూసుకోమంటే ఈయన సగమే మూసుకుని, డాక్టరు చెయ్యి చూసి, "తగిలిందండీ" అనేవారు. పరీక్ష తప్పడం ఆయనకు ఇష్టం లేదు.

ఆ పాదానికి తగలబోయేది ఏదైనా ముందు నాకు తగలాలి. నా ఉద్యోగం అదే. ఇంట్లోనూ నన్ను విడవకూడదు. పూజగది గడప దగ్గర ఆయన పట్టీ ఊడదీయబోతే భార్య సుభద్రమ్మ ఒప్పుకునేది కాదు. "దేవుడితో నేను మాట్లాడుకుంటాను. మీరు వేసుకోండి" అనేది. రోజూ ఆయన స్నానం కాగానే పాదాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులతో సహా చూసేది.

ఆయనకు డెబ్బై నిండాయి. భీమరథ శాంతి చేయిద్దామని సుభద్రమ్మ అంటే, కొడుకు చైతన్య ఇటలీ వెళదామన్నాడు. వారం పాటు యాట్ అనే విలాసపు పడవను అద్దెకు తీసుకుని నేపుల్స్‌లో ఎక్కి, కాప్రీ మీదుగా అమాల్ఫీ తీరం వెంట తిరగడం. "హోమంలో పొగ తప్ప ఏముంది నాన్నా?" అన్నాడు.

యాట్ వాళ్లు ముందే ఒక ఫారం పంపారు. అందులో ఆహారం గురించి రెండు పేజీలు, ఆరోగ్యం గురించి నాలుగు గీతలు. రెండు పేజీలూ చాలక వెనక వైపు కూడా రాశారు. ఆవకాయ తామే తెచ్చుకుంటామని, పెరుగు మాత్రం పుల్లగా ఉండకూడదని. ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి నాగభూషణం గారు కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"మన రోగాలు వాళ్లకెందుకురా? ఎక్కకముందే పేషెంటును చూసినట్టు చూస్తారు."

"మందులు దగ్గరే ఉంటాయిగా, ఏం కాదులే" అని చైతన్య 'ఏమీ లేవు' అని రాశాడు.

జులైలో నేపుల్స్ రేవుకు చేరాం. ఒడ్డు నుంచి యాట్ మీదికి ఒక పలక. పలక మొదట్లో పేము బుట్ట, పక్కన యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి. డెక్ పాడవకుండా అతిథులందరూ చెప్పులు ఆ బుట్టలో విడిచి ఎక్కాలి. నాగభూషణం గారికి ఇది ముచ్చటేసింది.

"చూశావా, గడప బయటే విడవడం. అచ్చం మన పద్ధతే."

"అవి డాక్టరు వేసుకోమన్న చెప్పులని చెప్పండి, ఉంచుకోనిస్తారు" అంది సుభద్రమ్మ.

"ఒకళ్ల గడపలోకి చెప్పులతో పోతామా? ఊరుకో. నడిసముద్రంలో రాయి గుచ్చుకుంటుందా, ముల్లు గుచ్చుకుంటుందా?"

వంగి, పట్టీలు ఊడదీసి, నన్నూ ఎడమదాన్నీ బుట్టలో పెట్టారు. ఆ అమ్మాయి నవ్వి దండం పెట్టింది. అడిగితే ఉంచుకోనిచ్చేవాళ్లే. అడగలేదు.

బుట్టను డెక్ వెనక మెట్ల పక్కన పెట్టారు. ఆ డెక్ చెక్కలా కనిపిస్తుంది. చెక్క కాదు, చెక్క గీతలు గీసిన ప్లాస్టిక్. మధ్యాహ్నానికి అది పెనం. చైతన్యా, కోడలు హారికా ఒక నీడ నుంచి ఇంకో నీడకు గెంతేవాళ్లు. ఈయన మాత్రం ఎండలో నిలబడి రెయిలింగు వెల్డింగు పరీక్షించేవారు.

"ఏంట్రా కోతుల్లాగా ఆ గెంతులు? షెడ్డులో ఇనపరేకు మీద నడిచిన కాళ్లురా ఇవి!"

"మావయ్యగారు మనకంటే స్ట్రాంగ్" అని హారిక వీడియో తీసింది.

బుట్టలోంచి నాకు కనిపించేవి పాదాలే. మొదటి రోజు సాయంత్రానికి కుడి అరికాలు ఎర్రబడింది. రెండో రోజు బొటనవేలి కింద బొబ్బ లేచింది. మూడో రోజు అది చిట్లింది. ఆయన నడిచిన చోటల్లా తడి మచ్చ పడింది. డెక్ తుడిచే మనిషి ఏదో సాస్ అనుకుని వెనకే వచ్చి తుడిచాడు. పని మీద శ్రద్ధ ఉన్నవాడు. ఏ మచ్చా ఆరనివ్వలేదు.

సుభద్రమ్మ చూసి ఉండేది. కానీ మొదటి రోజు అలలకే ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. నాలుగు రోజులు గది దాటి రాలేదు. పాదం చూపించమని మంచం మీంచే అడిగింది.

"తల ఎత్తలేకపోతున్నావు, నా కాళ్లేం చూస్తావు? బాగానే ఉంది" అన్నారు.

ఆయన అబద్ధం ఆడలేదు. ఆయనకు బాగానే ఉంది.

ఐదో రోజు ఉదయం అమాల్ఫీ ఎదురుగా లంగరు వేశారు. ఆయన డెక్ మీద సోఫాలో వణుకుతూ పడుకున్నారు. జ్వరమని విని సుభద్రమ్మ గోడలు పట్టుకుంటూ పైకి వచ్చింది. దగ్గరికి రాగానే ఆమెకు వాసన తెలిసింది. పాదం ఒళ్లోకి తీసుకుంది.

"ఒరే చైతన్యా!"

ఆ కేకకు పక్క యాట్‌లో వాళ్లు కూడా తిరిగి చూశారు. అరికాలిలో నల్లబడిన చోట ఆమె వేలు పెట్టి నొక్కింది. ఆయన ఆమె మొహంలోకి చూస్తూ, "నొక్కుతున్నావా?" అని అడిగారు.

దిగేటప్పుడు యూనిఫాం అమ్మాయి మమ్మల్ని తుడిచి, గుడ్డసంచీలో పెట్టి, రిబ్బను కట్టి ఇచ్చింది.

నేపుల్స్ ఆసుపత్రిలో బొటనవేలు తీశారు. విజయవాడ చేరాక సగం పాదం. మరో పదిహేను రోజులకు మోకాలి కింద దాకా. ప్రతిసారీ సంతకం చైతన్యే పెట్టాడు. ఆఖరి కాగితంలో, తీసిన భాగాన్ని ఇంటివాళ్లు తీసుకెళతారా, ఆసుపత్రికి వదిలేస్తారా అని ఉంది. వదిలేస్తామన్న చోట టిక్కు పెట్టి వచ్చి తల్లి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ ఫారంలో ఒక్క ముక్క రాసుంటే అమ్మా..."

"నేను ఆ బుట్టలోంచి తీసి తొడగాల్సిందిరా. నాకు తెలుసుగా" అంది సుభద్రమ్మ.

నన్నెవరూ ఏమీ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేనూ ఎడమదీ ఆయన మంచం కిందే ఉన్నాం. మత్తు దిగుతోంది. ఆయన కళ్లు తెరవకుండానే మూలిగారు.

"సుభద్రా, కుడిపాదం మండిపోతోందే. నేల నిప్పులా ఉంది. చెప్పు ఇలా ఇవ్వు."

సుభద్రమ్మ నర్సు వంక చూసింది.

"తీసేసినాక అట్టాగే అనిపిచ్చిద్దమ్మా. కొన్నాళ్లుంటది" అంది నర్సు మెల్లగా.

"ఇవ్వవేంటే?" అన్నారాయన.

ఆమె వంగి మంచం కింద చెయ్యి పెట్టింది. ఎడమదాన్ని తాకి, వదిలేసి, నన్ను తీసింది. కట్టు అయిపోయిన చోట దుప్పటి చదునుగా పరుపుకు అంటుకుపోయి ఉంది. దాని మీద నన్ను పెట్టి, మూడు పట్టీలూ ఒక్కొక్కటే బిగించింది.

"వేశానండీ."

"ఆఁ. ఇప్పుడు కాస్త నయం" అన్నారాయన.

నా మీద బరువేమీ పడలేదు.