ఆనకట్ట మీద చివరి పెట్టె

ఆమె బురదలో మోకాలు ఆనించి, సెన్సర్ పెట్టె మూత మీది నాచును గోటితో గీకి, చేతియంత్రాన్ని దగ్గరగా పెట్టింది. తన రహస్య సంఖ్య నొక్కింది. పెట్టె ఓ క్షణం తటపటాయించి పచ్చదీపం వెలిగించింది. ఇంతవరకూ రోజూ చేసే పనే. ఆ తర్వాతి పనికే చేతులు ఆడటం లేదు. తెరమీద రెండు పేర్లున్నాయి, ఆమెదీ, ఆమె భర్తదీ. భర్త పేరు తీసేయాలి.

మట్టి ఆనకట్ట లోపల నీరు ఎంత ఊరుతోందో ఆ పెట్టెలు కనిపెట్టి, తీగ లేకుండానే ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటూ ఆఫీసుకు చేరవేస్తాయి. వాటితో ఎవరు పడితే వాళ్లు మాట్లాడకూడదు. దొంగచేయి ఒకటి దూరి లెక్క మార్చిందంటే, కట్ట తెగబోతున్నా ఆఫీసులో అందరూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు. దిగువనున్న ఇళ్లు కొట్టుకుపోతాయి. అందుకే తనను ముట్టుకోదగినవాళ్ల పేర్లు ఏ పెట్టెకాపెట్టె తన కడుపులోనే దాచుకుంటుంది. ఆఫీసులో కూర్చుని కొట్టేస్తే పోవు. ఒక్కో పెట్టె దగ్గరికీ నడిచి వెళ్లి తీయాల్సిందే.

ఆయన ఇక మంచం దిగడని డాక్టరు తేల్చేశాడు. ఇంజినీరు మొహమాటపడుతూనే చెప్పాడు. "రూలు కదమ్మా. మీరే చేస్తే బాగుంటుంది." ఏం బాగుంటుందో ఆ మహానుభావుడికే తెలియాలి.

నిజానికి ఆ రూలు పట్టుకుని వేళ్లాడింది ఆమె భర్తే. పనివాళ్లు ఆయన్ని అనుమానప్పక్షి అనేవాళ్లు. ఎవరైనా ఉద్యోగం మానేస్తే, వాళ్ల వీడ్కోలు టీ చల్లారకముందే కట్ట మీదికి బయలుదేరేవాడు. "వెళ్లిపోయినవాడి తాళంచెవి ఊళ్లో తిరగకూడదు" అనేవాడు.

మధ్యాహ్నానికి ఒక్కటి తప్ప అన్నీ అయిపోయాయి. మిగిలింది కట్ట అవతలి చివర, జారుడు వాలు కింద ఉన్నది. కాలు జారుతుందని ఆయన ఎప్పుడూ ఆమెను అక్కడికి దిగనివ్వలేదు. ఆమె వాలు దాకా వెళ్లకుండానే వెనక్కి తిరిగింది. అన్నిచోట్లా చెరిపేస్తే ఆయన ఇక ఎక్కడుంటాడు?

ఇంటి తలుపు దగ్గరగా వేసే ఉంది. తోసిన చప్పుడుకి లోపల్నుంచి గొంతు వచ్చింది.

"ఎవరూ?"

"నేనేనండీ."

"నేనంటే?"

"మీ పెళ్లాన్ని. ఈ కొంపకి ఇంకెవరొస్తారు!"

ఆయన మంచంలోనే నవ్వాడు. తర్వాత అడగాల్సింది అడిగాడు. "అన్నీ తీసేశావా?"

అబద్ధం చెబుదామనుకుంది. ఆయన దగ్గర అబద్ధం ఏనాడూ చెల్లలేదు. "చివరిది ఉంచాను. తీయను. రూలుంటే ఉండనీండి. అక్కడొక్కచోటైనా ఉండండి."

పోట్లాడతాడనుకుంది. ఆయన "సరే, ఉంచుకో" అన్నాడు.

"నిజంగానా?"

"నీ మాట ఎప్పుడు కాదన్నాను?"

"ఎప్పుడు అవునన్నారు గనక!"

ఇద్దరూ నవ్వారు. ఆయనకు నవ్వుతోపాటు దగ్గూ వచ్చింది. ఆమె వీపు నిమిరి, వేణ్ణీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లింది. గ్లాసుతో వచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. నిద్రపట్టిందనుకుని, నీళ్లు చల్లారకుండా గ్లాసు మీద మూత పెట్టింది. ఆ మూత మళ్లీ తీసే పని పడలేదు.

సెలవు ముగిసి పనిలోకి వచ్చిన రోజు ఆమె ఆఫీసుకైనా వెళ్లకుండా తిన్నగా కట్ట చివరికి నడిచింది. ఆయన పేరు ఒక్కసారి చూసుకోవాలి, అంతే. అంచున ఇనుప గుంజకు కట్టిన తాడు ఒకటి వాలు కిందికి దిగి ఉంది. దాన్ని పట్టుకుని దిగింది. పచ్చదీపం వెలిగింది. తెరమీద ఒక్క పేరే ఉంది. ఆమెది.

యంత్రం పొరబడిందేమోనని మళ్లీ తెరిచింది. మళ్లీ ఆమె పేరే. అక్కడికి దిగేవాడు ఆయనొక్కడే. అంటే చివరిసారి పనికొచ్చిన రోజునే, ఇక రాలేనని ఇంట్లో చెప్పకముందే, తన పేరు తానే తీసేసుకుని పోయాడు. ఈ వాలు కింద ఆ పని ఆమె చేత చేయించడం ఇష్టంలేకపోయింది. ఉంచుకోమన్నప్పుడు ఆయనకు అన్నీ తెలుసు.

ఆమె బురదలో కూలబడి గొంతెత్తి ఏడ్చింది. "ఒక్కచోట ఉండలేకపోయారా? ఒక్క పెట్టెలో ఉంటే ఎవరి సొమ్ము పోయిందండీ!"

ఏడ్చి ఏడ్చి, వాన మొదలయ్యేలా ఉంటే లేచి తాడు అందుకుంది. కొత్త తాడు. పొడవునా ముడులు వేసి ఉన్నాయి, ఆయన పొడుగాటి చేతులకు అక్కర్లేనంత దగ్గర దగ్గరగా, ఆమె పొట్టి చేయి చాస్తే ఒకదాని తర్వాత ఒకటి అందేలా.