ఉడతమెట్లు వెతికిన మనిషి

నేను ఒక బ్లాగును. ఇనుముతోనో కర్రతోనో చేసిన వస్తువును కాను, కాబట్టి తుప్పు పట్టిపోయే భాగ్యం కూడా నాకు లేదు. నరసాపురంలో లేసు అల్లే సువార్తమ్మ కోసం పక్కింటి కోడలు ప్రమీల ఒక మధ్యాహ్నం నన్ను పుట్టించి, ‘మా ఇంటి లేసు’ అని పేరు పెట్టింది. సువార్తమ్మ చెబుతుంది, ప్రమీల టైపు చేస్తుంది.

అరవై ఏళ్లు దాటిన మనిషికి బ్లాగెందుకంటే, చెల్లెలు దీనమ్మ కోసం. పదకొండేళ్ల కిందట దీనమ్మ ఒక కొత్త అంచు అల్లింది. వాళ్లింట్లో కొత్త అల్లికకు, దాన్ని మొదట అల్లిన మనిషే పేరు పెట్టాలి. దీనమ్మ ‘ఉడతమెట్లు’ అంది, అక్కకొక్కదానికే చెప్పింది. ఆ వారంలోనే లేసు ప్రదర్శనలో సువార్తమ్మ ఆ అంచు తనదేనని చెప్పి, ‘రాణి అంచు’ అని పేరు మార్చి, మొదటి బహుమతి పుచ్చుకుంది. వెనకాల సంచి పట్టుకుని నిలబడ్డ దీనమ్మ అటునుంచి అటే తునిలో అత్తారింటికి వెళ్లిపోయి మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఫోను చేస్తే అక్క గొంతు వినగానే పెట్టేస్తుంది.

నలుగురిలో చేసిన తప్పు నలుగురిలోనే ఒప్పుకోవాలని సువార్తమ్మ పట్టుదల. దానికి ముందు నలుగురు పోగవ్వాలి కదా! అందుకని మొదట అల్లికల గురించి రాసింది.

జనం చేరారు. కువైట్‌లో పనిచేసే ఒకావిడ కొలతలు అంగుళాల్లో చెప్పమంది. వరంగల్ మాస్టారొకాయన ఆ గోదావరి యాస తగ్గించమన్నాడు. ఇంటి గొడవలు మాత్రం వద్దని ముందే హెచ్చరించాడు కూడా. లేసంటే ఏమిటో తెలియనివాళ్లు సైతం దండిగా సలహాలిచ్చారు. మనుషులు చదవడానికి వస్తారో దిద్దడానికి వస్తారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. సువార్తమ్మ మాత్రం అందరి మాటా విన్నది.

చివరికి ఒకరోజు గొంతు సవరించుకుని చెప్పింది: “దీనా, ఉడతమెట్లు నీయే. నేను దొంగతనం చేశాను. సంచి నీ చేత మోయించి మరీ చేశాను.” చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పుట్టిన పని ఆ మూడు వాక్యాలే.

ప్రమీల వేళ్లు ఆగాయి. “పిన్నిగారూ, ఇలాగైతే ఎవరికీ అర్థం కాదండి. దీనమ్మగారెవరో, ఉడతమెట్లేంటో వాళ్లకేం తెలుస్తాదండి?”

“మరెలా రాయమంటావే?”

“పేర్లు తీసేద్దామండి. అందరికీ తగిలేలా ఉంటాది.”

సువార్తమ్మ తేలికపడ్డట్టు తల ఊపింది. ఆ తేలిక చూసి నాకు భయం వేసింది. అలా తయారైంది: ‘ఒకరి కష్టాన్ని మరొకరు తమదని చెప్పుకోవడం తగదు. మనమంతా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి పొరపాటు చేసే ఉంటాం.’ మూడొందల మంది మెచ్చుకున్నారు. మాస్టారు “ఇప్పుడు కుదిరింది” అన్నాడు.

సువార్తమ్మ ఒక చుట్టం చేత తునికి కబురు పంపింది, “ఒక్కసారి బ్లాగు చూడమనండి దాన్ని, అంతా రాశాను” అని.

దీనమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమేనని నాకెలా తెలుసంటే, ఆ రాత పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివి, నాలోని వెతుకుడు గడిలో ‘ఉడతమెట్లు’ అని కొట్టింది. లోకంలో ఆ మాట తెలిసినవాళ్లు ముగ్గురే, నాతో కలిపి నలుగురం. ప్రమీల టైపు చేసి ప్రచురించని ఆ మూడు వాక్యాలు నా అడుగున చిత్తుప్రతిగా భద్రంగానే ఉన్నాయి. వాటిని బయటపెట్టే చెయ్యి నాకు లేదు. ‘మీరు వెతికినది ఇక్కడ లేదు’ అన్నాను. ఆమె ఈసారి ‘దీనమ్మ’ అని కొట్టింది. మళ్లీ అదే మాట అన్నాను. వెళ్లిపోయింది.

మర్నాడు ప్రమీల ఎవరెవరొచ్చారో నా లెక్కలు చూసి, “తుని నుంచి ఒకరొచ్చారండి, ఏడు నిమిషాలున్నారు” అంది.

“ఏడు నిమిషాలా! అయితే మొత్తం చదివిందే!” అని సువార్తమ్మ మురిసిపోయింది. ఫోను తెచ్చి ఒళ్లో పెట్టుకుంది.

అది జరిగి మూడేళ్లు. ఆవిడ రాయడం మానేసింది, ఎదురుచూడడం మానలేదు. తుని నుంచి మళ్లీ ఎవరూ రాలేదు. వెతుకుడు గడి ఇంకా తెరిచే ఉంది. ఎవరైనా వచ్చి ఆ పేరు కొడితే నేను చెప్పగలిగింది ఇప్పటికీ ఆ ఒక్క మాటే.