అరవని మనిషి

నేను పాదరసం బీపీ మిషన్ని. ఇప్పుడు స్టోరు రూములో విరిగిన కుర్చీల మధ్య పడున్నాను గానీ, ఒకప్పుడు చేతులు పిసికి మనుషుల గుట్టు లాగేదాన్ని. మొదట ఓ ప్రైవేటు డాక్టరు బల్లమీద ఉండేదాన్ని. ఆయన రిటైరయ్యాక హైవే పక్క సర్కారు ఆసుపత్రికి నన్ను దానమిచ్చాడు. అక్కడ నా పట్టీ చిరిగింది, బుద్ధి పెరిగింది.

ఒక మధ్యాహ్నం మిరపకోత కూలీల ఆటోను ఓ పెద్ద కారు గుద్దింది. కారులో వచ్చిన వెంకట్రాయుడు మండల నాయకుడు. ముంజేయి విరిగి, నుదురు చిట్లి, తెల్లచొక్కా ఎర్రబడేసరికి వార్డు ఎగిరిపోయేలా అరిచాడు. ఆటోలోని అంకమ్మ మాత్రం స్ట్రెచరు మీద కళ్లు మూసుకుని ఉంది. ఆమెకు కాలు, పక్కటెముకలు విరిగాయి. నెత్తురు మాత్రం పైకి కనిపించలేదు. చూపించడానికి ఏమీ లేనివాళ్లను మనుషులు తొందరగా మరిచిపోతారు.

మొదటిసారి ఆమె చేతికి చుట్టుకుని నూట పది చూపించాను. నర్సు తృప్తిపడి నాయకుడి దగ్గరికి పరుగెత్తింది.

తర్వాత డ్యూటీ డాక్టరు హైమావతి వచ్చింది. అంకమ్మ సన్నగా, "గొంతెండిపోతందమ్మా, కాసిని నీళ్లియ్యి" అంది. డాక్టరు నీళ్లివ్వలేదు. ఆ దాహం మీదే అనుమానమొచ్చి నాడి చూసి, మళ్లీ నన్ను చుట్టింది. ఎనభై. పాదరసంతోపాటు ఆవిడ మొహమూ దిగిపోయింది. పొట్ట తాకి చూస్తే బిగుసుకుని ఉంది. లోపల నెత్తురు పోతోందని సర్జనుకు ఫోను చేసింది.

డాక్టర్లు దెబ్బలకు మార్కులేస్తారు, తలకిన్ని, ఛాతీకిన్ని, పొట్టకిన్ని అని. మార్కులు ఎక్కువొస్తే ఏడవాల్సిన పరీక్ష లోకంలో ఇదొక్కటే. అంకమ్మకు బోలెడొచ్చాయి. బతుకుతుందన్న నమ్మకం తక్కువేనని చెబితే, ఆమె మొగుడు చినరోశయ్య గోడకానుకుని కూలబడ్డాడు.

ఆపరేషన్ థియేటరు ఒక్కటే. నాయకుడి మనుషులు అడ్డంగా నిలబడి, ముందు అన్నకే చెయ్యాలన్నారు, డాక్టరమ్మ బదిలీ మాట కూడా ఎత్తారు. హైమావతి నన్ను పక్కన పెట్టి వాళ్లకెదురుగా వెళ్లింది.

"మీ అన్నకి అరిచేంత ఓపికుంది. ఈమెకి అది కూడా లేదు. తప్పుకోండి" అంది.

గొణుక్కుంటూనే తప్పుకున్నారు. సర్జను అంకమ్మ పొట్ట కోసి, ఎడమ పక్కటెముకల కింద చిట్లిన ప్లీహం తీసేశాడు. రెండుసార్లు చేయి జారబోయిన మనిషి ఎలాగో నిలబడింది. నాయకుడి చేతికి సాయంత్రం కట్టు పడింది.

కొన్నాళ్లకు నాయకుడు పళ్లబుట్టతో, విలేకరితో వార్డుకొచ్చాడు. కూలిమనిషి కోసం తన వంతు వదులుకున్న త్యాగమూర్తి అని పేపర్లో రావాలట. కారు తోలింది డ్రైవరేనని అప్పటికే పోలీసులకు చెప్పించాడు. విలేకరి అడిగినప్పుడు నేను అంకమ్మ చేతికే ఉన్నాను, నిమ్మళంగా నూట ఇరవై దగ్గర.

"వంతు సంగతి నాకెట్టా తెలుసయ్యా, అప్పుడు నాకు తెలివే లేదు" అంది. తర్వాత నాయకుడి వైపు చూసింది. "కారు ఎవరు తోలారో మాత్రం చూశాను."

ఆ క్షణాన ఆయన చేతికి చుట్టుకోవాలని ఎంత ఆశపడ్డానో. పాదరసం ఎగబాకడానికి నా గాజుగొట్టం చాలేది కాదు.