గంటె పట్టుకున్న పిల్ల

చింతపండు కొట్టేటప్పుడు మాట్లాడకూడదని మా అత్తయ్య రామసుబ్బమ్మ పెట్టిన రూలు. నోరు ఆడితే చెయ్యి ఆగుతుందట. ఎండలు ముదిరాయంటే చాలు, భోపాలపట్నంలో మా ఇంటి వెనక వసారా నిండా చింతకాయల గుట్టలే. అడవి ఊళ్ళ నుంచి వచ్చినవాటిని పెంకు వలిచి, పీచు లాగి, కొయ్య సుత్తితో కొట్టి గింజ తీసి ముద్ద చెయ్యాలి. దుకాణం మా ఆయన ప్రేమ్‌కుమార్‌ది, చింతపండూ ఆయనదే, చేతులు మాత్రం నావి. పద్నాలుగేళ్ళుగా ఈ కాలంలో అన్నం కలుపుకుంటే వేళ్ళు భగ్గుమంటాయి. మొన్నొకరోజు ఎవరో అడిగితే "మా ఆమె ఏం చేయదు సార్, ఇంట్లనే ఉంటది" అన్నాడాయన, నా ముందే. ఆ మంట వేళ్ళ నుంచి నెత్తికెక్కింది. నాకు కన్యకాపరమేశ్వరి అని అమ్మవారి పేరు పెట్టారు పుట్టింట్లో. ఈ ఇంటికొచ్చాక "ఏందే" అయ్యాను.

పుస్తకం నాకు దొరికింది రద్దీలో, అంటే చిత్తుకాగితాల మూటలో. ప్లాస్టిక్ సంచులు బంద్ అన్నప్పటి నుంచి మా దుకాణంలో జీలకర్ర, పసుపు, పొగాకు అన్నీ మళ్ళీ కాగితప్పొట్లాల్లోనే కడుతున్నారు. దాని కోసం పాత పుస్తకాల మూటలు తెప్పిస్తాడు ఆయన. మాది హిందీ రాష్ట్రం కాబట్టి వచ్చేవన్నీ హిందీవే. సరిహద్దు అవతల, గోదావరి పక్క వెంకటాపురంలో తెలుగు బడిలో చదివిన నేను హిందీ నేర్చుకున్నది ఆ పొట్లాల కాగితాల మీదే. ఈసారి మూట కిరందుల్ వైపు నుంచి వచ్చింది. గనుల కాలనీలో ఆంధ్రావాళ్ళెవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళారేమో, అడుగున ఒక తెలుగు పుస్తకం ఉంది. అట్ట లేదు, మొదటి పేజీ లేదు. పేరేంటో, రాసిందెవరో తెలియదు. అక్కడక్కడా నల్లసిరా బొమ్మలు. పిల్లల నవలే, అక్షరాలు కూడా పెద్దపెద్దవి. తెలుగు కనబడితే చాలు పాత పంచాంగమైనా వదలని దాన్ని, వసారా మెట్టు మీదే కూలబడి మొదలుపెట్టాను.

నీల అని తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళ అక్క కనబడకుండా పోతుంది. వెతుక్కుంటూ పోతే వెదురుపొదల వెనక ఒక ఇల్లు. తలుపుకి గొళ్ళెం లేదు, కిటికీలకి ఊచలు లేవు. లోపల నిండా పిల్లలు, అందరూ ఏదో ఒకటి పట్టుకుని నిలబడి ఉంటారు. ఒకడు దీపం పట్టుకున్నాడు. ఒకతె తలుపు రెక్క పట్టుకుంది. ఒకడు గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. వాళ్ళనెవరూ కట్టెయ్యలేదు. ఆ ఇంటి ముసలిది, తాళాలవ్వ, ఒక్కొక్కళ్ళని ముద్దుగా పిలిచి, "ఇది కాస్త పట్టుకో నాన్నా, ఇప్పుడే వస్తా" అని చేతిలో పెట్టి పోయింది. అంతే, మళ్ళీ రాలేదు. దీపం పట్టుకున్నవాడికి గడ్డం నెరిసింది, గొంతు మాత్రం ఇంకా పిల్లాడి గొంతే. నీల అక్క పెద్ద కుండ ముందు నిలబడి గంటె తిప్పుతూ ఉంటుంది. "రావే అక్కా పోదాం" అంటే, "తిప్పడం ఆపితే ఇల్లు కూలుతుందంటనే. కాసేపు ఆగు, అవ్వ వచ్చేస్తుంది" అంటుంది, వెనక్కి తిరక్కుండానే. ఆ వెనక్కి తిరగని అక్క బొమ్మ ఒక పేజీ నిండా ఉంది. జడ నేల మీద పడి వెదురుపొదల దాకా పోయింది.

పట్టపగలు, రెండు గంటల ఎండలో, నా ఒళ్ళు జల్లుమంది.

అబ్బ, ఎంత బాగుందో! భయం ఇంత రుచిగా ఉంటుందని మరిచేపోయాను. సంసారంలో నేను పడే భయాలు వేరు. పాలు పొంగుతాయేమో, ఆయనకి కోపమొస్తుందేమో, జగదల్‌పూర్ హాస్టల్లో మా పూనంకి జ్వరమేమో. వాటిలో రుచి ఎక్కడుంది? ఇది మాత్రం చిన్నప్పుడు దుప్పట్లో దూరి అమ్మమ్మ చేత బలవంతంగా చెప్పించుకున్న దయ్యం కథ లాంటి భయం. ఆయన అన్నం తిని కునుకు తీసే గంటసేపు, బియ్యం బస్తాల గదిలో కూర్చుని రోజుకి నాలుగైదు పేజీలు చదివేదాన్ని. తొందరగా అయిపోతుందేమోనని చదివిందే మళ్ళీ చదివేదాన్ని. ఒకరోజు పట్టుబడ్డాను. "ముప్పై ఆరేండ్లొచ్చినయ్, బూచోళ్ళ బుక్కా నీకు? పూనంకన్నా చిన్నదానివైనవా?" అని దుకాణంలో ఉన్నవాళ్ళకి వినబడేట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి, సిగ్గుపడి, ఆ సిగ్గుపడినందుకు రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

పుస్తకం మూసినా ఆ ఇల్లు మూసుకోవడం మానేసింది. "ఒక్క మినిట్ దుకాణం చూడు, ఇప్పుడే వస్తా" అని ఆయన చాయ్‌కి పోతాడు కదా, రెండు గంటలవుతుంది. పద్నాలుగేళ్ళుగా పోతూనే ఉన్నాడు, నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం తక్కెడ పట్టుకుని నిలబడి ఉంటే నా చెయ్యి నాది కానట్టు అనిపించింది. ఎదురుగా బస్టాండు, మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. దుకాణానికి తలుపే లేదు, షట్టర్ పైకి ఎత్తే ఉంది. నన్నెవరూ కట్టెయ్యలేదు. వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది, నా జడ ఎంత దూరం పోయిందో అని. ఇంకోసారి ఆయన మేనత్త మా ఇంటికొచ్చి, "కోడలంటే గిట్లుండాలె, పెట్టిన కాడ్నే ఉంటది" అని మెచ్చుకుంది. ఆమెకని తెచ్చిన టీ గ్లాసు నేనింకా పట్టుకునే ఉన్నాను.

ఈ కథ నేను హిడ్మేకి చెప్పాను. హిడ్మే మద్దేడ్ దగ్గర రోడ్డు పక్క ఊరి మనిషి, దోర్ల తెగ ఆమె, నా ఈడుదే. మాకు చింతకాయ తెచ్చిపోసి, కాలం ఉన్నన్నాళ్ళు నాతోపాటు కూర్చుని కొడుతుంది. వాళ్ళ భాష మన తెలుగుకి చుట్టమే కాబట్టి అన్నీ అర్థమవుతాయి. అత్తయ్య గడప దగ్గర కూర్చుని గింజలు ఏరుతుంటే, రూలు తప్పి, గొంతు తగ్గించి, రోజుకింత చెప్పేదాన్ని. హిడ్మే సుత్తి ఆపేసి మరీ వినేది.

"అయితే గంటె వదిలేస్తే ఏమైతదక్కా?"

"తెలీదు, ఇంకా అక్కడిదాకా రాలే."

"ఏమైతది? కిందవడ్డ గంటెకు మట్టంటుతది. కడుక్కోవాలె" అని పకపకా నవ్వింది.

"ఇల్లు కూలుతది" అంది అత్తయ్య గడప దగ్గర్నుంచి. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. వింటోందని తెలియదు. తల ఎత్తకుండానే అంది, "వదులుతె ఇల్లు కూలదా మరి? మా అత్త నాకదే చెప్పింది. పదమూడేండ్లు నాకప్పుడు. ఇగ మాటలు చాలు, చెయ్యాడించుండ్రి." మళ్ళీ కాసేపటికి, హిడ్మే లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు, "ఏమే పరమేశ్వరీ, ఆఖరికి ఏమైతదో చదివినంక నాకు గూడ చెప్పు" అంది. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. డెబ్బై ఏళ్ళ మనిషి ముఖంలో పదమూడేళ్ళ పిల్ల కనబడింది, నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఇంకా ఆరేడు పేజీలే ఉన్నాయనగా నేనొక తెలివితక్కువ పని చేశాను. పుస్తకాన్ని రద్దీ మూటలోనే దాచాను. కాగితాల్లో కాగితాన్ని ఎవరు వెతుకుతారులే అనుకున్నాను. మద్దేడ్ సంత రోజు తెల్లారగట్లే పొట్లాలకి కాగితం తక్కువైందని ఆయన చేతికందిన కట్ట లాక్కుని జీపులో వేసుకుపోయాడు. సాయంత్రం మూట విప్పితే నా పుస్తకంలో ఆఖరి పేజీలు లేవు. నీల అక్క చెయ్యి పట్టుకుని "వదిలెయ్యక్కా" అంటుంది. అక్క వేళ్ళు ఒక్కొక్కటే... అక్కడికి పేజీ అయిపోయింది.

"ఎందుకు చింపారు?" అని అరిచాను. ఆ ఇంట్లో నా గొంతు అంత లేచింది ఎప్పుడూ లేదు.

"రద్దీ తెచ్చేదెందుకే, పొట్లాలకే గద? పిస్స లేసిందా ఏంది?" అన్నాడు, నిజంగానే అర్థం కాక. ఆయన తప్పు కూడా ఏం లేదు, అదే నా ఖర్మ. ఆ కాగితాల్లో పసుపు కట్టించుకుని ఎవరెవరో ఏ ఊళ్ళకో పోయారు. నీల అక్క వేళ్ళు మాత్రం నా కళ్ళ ముందు అలాగే ఆగిపోయాయి, వదిలీ వదలకుండా. పప్పు కలుపుతుంటే కనబడేవి, బట్టలు పిండుతుంటే కనబడేవి. ఆ పిల్లని నేనే అక్కడ వదిలేసి వచ్చినట్టు ఉండేది.

ఎనిమిదో రోజు హిడ్మే ఫోన్. ఇప్పపువ్వు రాలడం మొదలైందంటే వాళ్ళు చెట్టు వదిలి కదలరు, అందుకని పని మానేసి వారమైంది.

"అక్కా, నీ గంటె పిల్ల మా ఇంటికొచ్చింది."

"ఏందీ?" అన్నాను.

"సంతల పొగాకు కొన్న గద, విప్పి చూస్తె బొమ్మ. నువ్వు చెప్పిన జడ గదే, కుండ గదే. గానీ ఈపాలి ముఖం ఇటు తిప్పింది. అక్షరాలు గూడ ఉన్నయ్. నేనొద్దామంటె పువ్వు కాలం. ఇంట్లోళ్ళు పొయ్యి రాజేస్తమని అడుగుతున్నరు, ఎన్ని దినాలు దాస్త?"

ముఖం ఇటు తిప్పింది! మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని బయల్దేరాను. "యాడికి?" అన్నాడాయన. మద్దేడ్‌కి అన్నాను. "ఎందుకు?" కాగితం కోసం అంటే నవ్వుతాడని తెలుసు, అయినా అదే చెప్పాను. నవ్వలేదు, భయపడ్డాడు. "చింతపండెవరు కొడ్తరు? వంటెవరు చేస్తరు? దుకాణమో?" అత్తయ్య గడప దగ్గర కూర్చుని నన్నే చూస్తోంది, ఆపుతుందనే అనుకున్నాను. "బస్సు పోతది, జల్ది నడువు" అంది.

బస్సు దిగేసరికి గాలి నిండా ఇప్పపువ్వు తియ్యని వాసన. రోడ్డు పక్కనే హిడ్మే వాళ్ళ చెట్లు. ఆడవాళ్ళు వంగి పువ్వు ఏరుతున్నారు. హిడ్మే పరిగెత్తుకొచ్చి బుట్ట కిందనుంచి మడత తీసిచ్చింది. రెండంటే రెండే పేజీలు, పొగాకు కంపు. చెట్టు కింద కూర్చుని పైకే చదివాను. మిగతా ఆడవాళ్ళూ బుట్టలు పట్టుకుని చుట్టూ చేరారు.

"అక్క గంటె వదిలేసింది. నీల గట్టిగా కళ్ళు మూసుకుంది. కప్పు కూలలేదు. గోడలు కదల్లేదు. కళ్ళు తెరిచి కుండలోకి చూస్తే అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. తలుపు పట్టుకున్న పిల్ల తలుపు వదిలింది. తలుపు అలాగే ఉంది. గోడ మీద నుంచి ఒకడు చెయ్యి తీశాడు. గోడ అలాగే ఉంది. దీపం పట్టుకున్న ముసలి పిల్లాడు దీపాన్ని నేల మీద పెట్టి చాలాసేపు చూశాడు. 'ఏమీ కాలేదు' అన్నాడు. తరవాత నోరు తెరిచి ఏడవడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అంత ఘోరంగా ఏడవలేదు."

పేజీ అక్కడితో అయిపోయింది. "నేను చెప్పలే?" అనబోయిన హిడ్మే నా ముఖం చూసి ఆగింది. పుస్తకమంతా చదివినప్పుడు ఎక్కడా వెయ్యనంత భయం అప్పుడు వేసింది నాకు. కూలుతుందనే కదా ఇన్నాళ్ళూ పట్టుకున్నాను.

ఫోన్ మోగింది. ఆయనే. "ఏందే, పదకొండైతుంది, బస్సెక్కినవా?"

"ఇంట్లో ఏమన్నా అయిందా?" అన్నాను.

"ఏమైతది?" విసుక్కున్నాడు. "ఏం కాలే. అమ్మ ఏదో వండింది, తిన్నం. దుకాణం నడుస్తుంది. నువ్వెప్పుడొస్తవ్, గది చెప్పు."

ఏం కాలేదట. పద్నాలుగేళ్ళు. నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, హిడ్మే గబుక్కున వచ్చి నా భుజం పట్టుకుంది. ఫోన్‌లో ఆయన "హలో, హలో" అంటూనే ఉన్నాడు. భోపాలపట్నం బస్సు రోడ్డు మీద ఆగి, నా వైపు చూసి, రెండుసార్లు హారన్ కొట్టింది. నేను లేవలేదు. అది వెళ్ళిపోయింది.