దెబ్బ ఉత్తరాలు

పొద్దున్న ఆరున్నరకల్లా పోస్టక్క ఆఫీసు వెనక తలుపు తీసేది. ముందు దేవుడికో దణ్ణం, తర్వాత కిటికీ, ఆ తర్వాత సంచి. సంచిని బల్ల మీద బోర్లించి ఉత్తరాలను వీధుల వారీగా గళ్లలో వేసేది. కరెంటు బిల్లులు ఒక పక్క, పెళ్లి కార్డులు ఒక పక్క, కోర్టు నోటీసులు అన్నిటికంటే అడుగున. చివరికి మిగిలేవి దెబ్బ ఉత్తరాలు. వాటిని కళ్లు మూసుకుని కూడా ఏరొచ్చు. అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు వెచ్చగా ఉంటాయి.

ఆ ఊళ్లో ఎవరైనా పిల్లల్ని కొడితే, దగ్గర్లో ఉన్న ఎర్ర డబ్బాలో ఒక కవరు పడుతుంది. దెబ్బకొకటి. స్టాంపు ఉండదు. పైన కొట్టినవాళ్ల పేరు, కింద దెబ్బ తిన్న పిల్ల పేరు, రెండూ పిల్ల చేతిరాతలోనే ఉంటాయి. రాయడం రాని పసివాళ్లదైతే వంకర గీతలుంటాయి. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆ గీతలు చదవడం పోస్టక్కకి బాగానే వచ్చింది. కవరు తీసుకెళ్లి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని, చేతికివ్వాలి. పట్టుకున్న క్షణాన ఆ దెబ్బ వచ్చి తగులుతుంది. పిల్లకి ఎక్కడ తగిలిందో అక్కడే, అంతే గట్టిగా. ఆ తర్వాత కవరు చల్లబడుతుంది. అక్కడ పిల్ల ఒంటి మీద వాత కూడా చల్లారుతుంది.

"ఒక్క నిమిషం ఆగమ్మా, పళ్లసెట్టు తీసేస్తాను" అని దవడ సిద్ధం చేసుకునేవాడు బట్టలకొట్టు ఆసామి. ఒక ముసలావిడ కొడుక్కొచ్చిన మూడు కవర్లకీ తనే సంతకం పెట్టింది. సంతకం ఎవరిదైతే దెబ్బ వాళ్లది, ఆ ఆఫీసు పద్ధతి అది. "వాడికి చెయ్యెత్తడం నేర్పింది నేనే కదమ్మా" అంది ఆవిడ, వీపు నిమురుకుంటూ. కొడుకు గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ ఇంటికి నాలుగో కవరు వెళ్లలేదు.

కొట్టే చేతికీ వాచే చెంపకీ మధ్య ఆ దేవుడు ఒక పోస్టాఫీసు పెట్టాడు. అది ఆయన దయ. మనుషులు ఊరుకుంటారా మరి? దానికి సంస్కరణ తెచ్చారు.

సంస్కరణ తెల్ల కారులో వచ్చింది. అందులోంచి దిగిన అధికారి చెడ్డవాడేం కాదు. నవ్వుతూ మాట్లాడతాడు, అందర్నీ మీరు అంటాడు. చిక్కంతా అక్కడే, అలాంటివాడి మీద అరవడానికి నోరు రాదు. దేశం మొత్తం మీద తపాలా శాఖని బాగుచేస్తున్నారట. ఇక ఇంటింటికీ తిరగక్కర్లేదు. ప్రతి వీధి చివరా ఇనప పెట్టెలు, ఇంటికొకటి. తాళం చెవి ఇంటివాళ్ల దగ్గరే. ఉత్తరాన్ని సందులోంచి లోపలికి జారవిడిస్తే పోస్టక్క పని అయిపోయినట్టే. ఇరవై ఒక్క రోజులకొకసారి పెట్టెలు తెరుస్తారు, అప్పటికి తీసుకోనివన్నీ పంపినవాళ్లకి వాపసు. ఇంకో సంగతి, ఉన్న పదిహేడు రకాల ఫారాలనీ తీసేసి అన్నిటికీ ఒకే ఫారం పెట్టారు. గళ్లుంటాయి, కావలసిన గడిలో టిక్కు పెట్టుకోవడమే. ఆ ఫారాన్ని చూపించేటప్పుడు ఆయన ముఖం తొలి బిడ్డని ఎత్తుకున్నవాడిలా వెలిగిపోయింది.

"మరి దెబ్బ ఉత్తరాలో సార్?" అని అడిగింది పోస్టక్క.

"స్టాంపు ఉండదు కదమ్మా వాటికి. ఇన్నాళ్లూ ఉచితంగా మోశారు. అయినా నేనేం ఆపమనడం లేదు. పెట్టెలో వెయ్యండి."

"చేతికివ్వాలి సార్. పెట్టెలో వేస్తే ఎవరు వచ్చి తీసుకుంటారు, దెబ్బలు?"

"తీసుకోకపోతే వాపసు పోతాయి. రూలు ఉండనే ఉందిగా."

పోస్టక్క నోరు తెరిచింది. సార్టింగ్ గుమాస్తా బల్ల కింద ఆవిడ కాలు తొక్కాడు. సీసా అడుగుల్లాంటి కళ్లద్దాల వల్ల ఊరంతా ఆయన్ని జోడుమామ అంటుంది. "రిటైర్మెంటుకి ఐదు నెలలుంది నీకు" అని గొణిగాడు. "మింగేసెయ్."

ఆవిడ మింగింది. మింగిన కోపం ఎక్కడికి పోతుంది? గొంతు దిగదు, బయటికి రాదు, ముద్దలా అక్కడే కూర్చుంటుంది.

దెబ్బ తిరిగి రాదని చేతులకి తెలిసిపోయింది. వారం తిరక్కుండానే ఎర్ర డబ్బాలు నిండడం మొదలైంది. పెట్టెల వరస పక్కన నడిస్తే సెగ కొట్టేది. పిల్లులు వచ్చి వాటి మీద వెచ్చగా పడుకునేవి. సాయంత్రం డ్యూటీ దిగాక పోస్టక్క తన సొంత చెప్పులరగదీసుకుని ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టింది. "ఏమయ్యా, కొట్టడానికి లేచిన చెయ్యి తాళం తియ్యడానికి లేవదా?" అని వీధిలో నిలబడి అరిచింది. కొందరు సిగ్గుపడి తీసుకున్నారు. ఎక్కువమంది ఆవిడ నోటికి జడిసి తీసుకున్నారు. ఎలాగైతేనేం, పెట్టెలు ఒక్కొక్కటే చల్లబడ్డాయి.

లెక్కల మాస్టారి పెట్టె తప్ప. ఆ ఇనుముకి రంగు పొక్కులు లేచింది.

అందులోని కవర్లన్నిటి కిందా ఒకటే పేరు. వీధి మలుపులో బట్టలు కుట్టే టైలరమ్మ కూతురు, ఏడేళ్లది. అందరూ పిచ్చుక అంటారు. పిల్ల చేసిన నేరం ఎడమ చేత్తో రాయడం. మాస్టారు ఆ ఎడమ అరచెయ్యి చాపించి స్కేలు అంచుతో కొడతాడు. కవరు చేరలేదు కాబట్టి వాపు తగ్గదు. వాచిన చేత్తో పలక మీద అంకె తిన్నగా పడదు. పడలేదని మళ్లీ దెబ్బ. రోజురోజుకీ కవర్ల మీద ఆ పేరు వణుక్కుంటూ వచ్చింది. ఆఖరి వాటిలో అక్షరాలు విడిపోయి, ఒకదానికొకటి తెలియనట్టు పడి ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల కుళాయి కింద చెయ్యి పెట్టుకుని కనిపించింది.

"ఏదీ, చెయ్యి చూపించవే" అంది పోస్టక్క.

పిచ్చుక రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "నువ్వూ కొడతావా?"

"నేనెందుకు కొడతానే పిచ్చిమొహమా?"

"చెయ్యి చూపించమంటే కొట్టడానికేగా."

పోస్టక్క అక్కణ్ణించి తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు.

"మాస్టారూ, మీ పెట్టె నిండింది. తీసుకోండి."

"తాళం చెవి ఎక్కడో పడిపోయిందమ్మా" అన్నాడు. జేబులో చెయ్యి కదిలితే తాళాలు గలగలమన్నాయి. ఇద్దరూ విన్నారు. "అదంతా పిల్ల బాగు కోసమే. నేను మాత్రం తినలేదా దెబ్బలు? తినబట్టే ఇంతవాణ్ణయ్యాను."

"ఎంతవారయ్యారు మాస్టారూ? ఏడేళ్ల పిల్లని కొట్టేంతవారయ్యారు."

పేపరు మళ్లీ ముఖానికి అడ్డం వచ్చింది. పోస్టక్క మెట్లు దిగింది.

టైలరమ్మ దగ్గరికి వెళితే ఆవిడ కుట్టుమిషను ఆపను కూడా లేదు. "మాస్టారు ఊరికే కొడతాడా అక్కా? ఆ దరిద్రపు అలవాటు మానితే కొట్టడుగా. దానికి చదువు రాకపోతే ఏం చెయ్యను, నాలాగే ఈ సూది ముందు కూర్చోబెట్టనా?" చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది. ఆ మోతలో పోస్టక్క చెప్పింది ఏదీ ఆవిడ చెవికెక్కలేదు.

ఇరవయ్యో రోజు సాయంత్రం జోడుమామ పెట్టె సందులో టార్చి వేసి చూసి వచ్చాడు. "నలభై ఉన్నాయి" అన్నాడు.

"రేపు పొద్దున్న వాపసు."

"అవును."

"వాపసంటే పిల్లకేగా మామా?"

జోడుమామ టార్చి ఆర్పి బల్ల మీద పెట్టాడు.

"నలభై. ఒక్కసారే. ఆ చేతి మీదే." అంది పోస్టక్క. "నేనే తీసుకెళ్లి ఇవ్వాలి, ఈ చేతుల్తో. ఇదిగో తల్లీ, నీ దెబ్బలు నీకే తిరిగొచ్చాయి, సంతకం పెట్టు అనాలి. ఇది తపాలానా మామా? దీన్నేనా బాగుచెయ్యడం అంటున్నారు?"

జోడుమామ కళ్లద్దాలు తీసి తుడిచాడు. తుడిచిన తర్వాత కూడా చాలాసేపు పెట్టుకోలేదు.

మర్నాడు శనివారం పొద్దున్న తొమ్మిదింటికి తెల్ల కారు వచ్చింది. పెట్టెలు తెరిచే మొదటి రోజు కదా, అధికారి కొత్త చొక్కా వేసుకున్నాడు. టైం వృథా కాకూడదని ముందే ఫారాల కట్ట తెప్పించుకుని, ఖాళీవాటి మీదే టపటపా సంతకాలు పెట్టేశాడు. "మీరు టిక్కులు పెట్టుకోండమ్మా. చూశారా, ఒకే ఫారం వల్ల ఎంత సుఖమో!"

అన్నిటికీ సరిపోయే ఒకే తాళం చెవితో పెట్టెలు తీశారు. అన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప. నలభై కవర్లనీ దారంతో కట్టి తెచ్చి బల్ల మీద పెట్టారు. బల్ల చెక్క చిటపటమంది.

పోస్టక్క పై ఫారం తీసుకుంది. సంతకం పైన రెండు గళ్లున్నాయి. ఒకటి "వాపసు". రెండోది "అందుకున్నాను". తండ్రీ, ఇది తప్పైతే నా చెయ్యి పడిపోనీ అనుకుంది. చెయ్యి పడిపోలేదు. రెండో గడిలో, కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు పెట్టింది.

"సార్, ఒకసారి ఈ కవర్ల కట్ట చూడండి."

ఆయన నవ్వుతూ చెయ్యి చాపాడు.

మొదటిది తగలగానే ఆయనకి అర్థం కాలేదు. ఎడమ అరచెయ్యి వంక చూసుకున్నాడు, తేలు కుట్టిందేమోనన్నట్టు. రెండోదానికి అరిచాడు. కట్ట వదిలెయ్యాలని విదిలించాడు. సంతకం పడ్డ ఉత్తరం వదులుతుందా? ఒక్కో కవరూ తన వంతు వచ్చేదాకా ఆగి, తన దెబ్బ తను ఇచ్చి, చల్లబడి, కింద రాలింది. స్కేలు అంచు ఎలా దిగుతుందో ఆ గదిలో అందరికీ వినిపించింది. పన్నెండో దానికి ఆయన కుర్చీలోంచి జారి నేల మీద చతికిలబడ్డాడు.

"ఆపండి! అమ్మా, ఆపండి!"

"నేను కొట్టడం లేదు సార్."

పోస్టక్కకి జాలి వెయ్యలేదు. వేస్తుందేమోనని లోపల వెతుక్కుంది కూడా. లేదు. ఆ చేతి స్థానంలో కుళాయి కింద పెట్టుకున్న చిన్న చెయ్యే కనిపిస్తోంది. ఆ పిల్ల ఆపమంటే ఎవరు విన్నారు? ఇరవయ్యోది, ముప్పయ్యోది, నలభయ్యోది. చివరి కవరు రాలాక గదిలో ఆయన ఎక్కిళ్లు మాత్రమే మిగిలాయి. జోడుమామ మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆయన కుడి చేతికిచ్చాడు.

"నిన్ను సస్పెండ్ చేస్తాను" అన్నాడు అధికారి. మీరు అనడం పోయింది.

"చెయ్యండి సార్. ఫారం ఒకటేగా. మీ సంతకం ఎలాగూ ఉంది, నేనే నింపుకోనా?"

ఆయన కట్టలో మిగిలిన ఫారాల వంక చూశాడు. అన్నిటి మీదా తన సంతకమే. ఒక్కసారిగా ఆ కట్ట మొత్తం లాక్కుని ఒళ్లో దాచుకున్నాడు.

కాసేపటికి అడిగాడు. "ఎన్నాళ్లలో తగిలాయి ఇవన్నీ?"

"మూడు వారాల్లో. మీకు ఒక్క పూటలో అయిపోయింది, అదృష్టవంతులు. మీది పెద్ద చెయ్యి కూడాను."

"ఎవడో కొడితే నేనెందుకు తినాలి? ఎవరి ఉత్తరం వాళ్ల చేతికే పోవాలి!"

"మొదట్నించీ నేను మొత్తుకుంటోంది అదే కదా సార్."

అధికారి అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు. దెబ్బ ఉత్తరాలు మళ్లీ ఇంటింటికీ, కొట్టినవాళ్ల చేతికే ఇవ్వాలి. మనసు కరిగి రాశాడని మీరు పొరబడేరు. ఇంకో పెట్టె తన నెత్తిన పడకూడదని రాశాడు. పోనివ్వండి. దేవుడు మంచి పనులన్నీ మంచివాళ్ల చేతే చేయించాలని కూర్చుంటే ఎన్ని పనులు జరుగుతాయి?

తెల్ల కారు వెళ్లిపోయింది. జోడుమామ ఆ పూట సంచి బల్ల మీద బోర్లించి, ఒక కవరు తీసి, పోస్టక్క ముందుకి జరిపాడు. వెచ్చగా ఉంది. కింద పిచ్చుక పేరు. పైన, విడిపోయిన అక్షరాల్లో, మాస్టారి పేరు కాదు. "అమ్మకి" అని ఉంది.

పోస్టక్క ఆ కవరు సంతకాల పుస్తకంలో పెట్టుకుంది. సంచి భుజాన వేసుకుని నడిచింది.

టైలరమ్మ మిషను తొక్కుతోంది. పిల్ల మూలన కూర్చుని ఎడమ చేత్తో గుండీలు రంగుల వారీగా ఏరుతోంది. ఆ చేతి మీద వాపు లేదు.

"చూశావా అక్కా, పొద్దున దానంతటదే తగ్గిపోయింది" అంది టైలరమ్మ, తలెత్తకుండానే. "ఇన్నాళ్లూ ఊరికే గోల చేసింది."

పోస్టక్క సంతకాల పుస్తకం తెరిచి సూది ముందు పెట్టింది. పక్కన కవరు పెట్టింది. టైలరమ్మ పైన రాసింది చదివింది. కాళ్లు ఆగాయి. చక్రం తనంతట తను ఇంకో రెండు చుట్లు తిరిగి నిలిచింది.

"నిన్న బడికి పోనంది" అంది మెల్లగా. "ఒక్కటే వేశాను అక్కా."

"ఒక్కటే తెచ్చాను."

టైలరమ్మ పిల్ల వంక చూడలేదు. సంతకం పెట్టింది. కవరు అందుకుంది. ఆవిడ తల పక్కకి విసిరేసినట్టు తిరిగింది. చెంప మీద ఐదు వేళ్లు ఎర్రగా లేచాయి. పిల్లకి కనబడకూడదని గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్న వేళ్లు ఆ ఐదు వాతల్లోనూ సరిగ్గా సరిపోయాయి.

ఎంత సరిగ్గా సరిపోయాయంటే, ఆవిడ ఇక ఆ చెయ్యి అక్కడ ఉంచుకోలేకపోయింది.

"నొప్పిగా ఉందా అమ్మా?" అంది పిచ్చుక.

టైలరమ్మ లేచింది. సగం కుట్టిన బట్ట సూది కిందే ఉండిపోయింది. చెప్పుల్లో కాళ్లు దూర్చి, పిల్ల ఎడమ చెయ్యి పట్టుకుంది, పట్టుకుంటే ఎక్కడ నొప్పి పుడుతుందోనన్నంత వదులుగా.

"అక్కా, ఆ మాస్టారి ఇల్లెక్కడ?" అంది.

చెంప కప్పుకోకుండా, ఆ ఐదు వేళ్ల వాతల్నీ వీధంతా చూస్తుండగా, పిల్లతో కలిసి మెట్లు దిగింది.