మిరపనారు, పరాయి బావి

1959 ఆషాఢంలో దేవానందం నడికుడికి కోసు దూరంలో ఉన్న హైస్కూలుకు వ్యవసాయం చెప్పడానికి వచ్చాడు. అది ఉద్యోగం కాదు. గుంటూరు ట్రైనింగ్ కాలేజీలో చదివేవాళ్లు కొన్ని వారాలు ఏదో ఒక బళ్లో పాఠాలు చెప్పి, చివర తమ లెక్చరర్ ఎదుట ఒక పాఠంలో నెగ్గాలి. దేవానందం రెంటచింతల వెలివాడ పాలేరు గురవయ్య కొడుకని, అతన్ని తన క్లాసుకు పంపారని తెలియగానే వ్యవసాయం మాస్టరు నాగభూషణం మొహం గంటు పెట్టుకున్నాడు.

బడి పొలం ఊరి పత్తి వ్యాపారి వెంకటకృష్ణయ్య ఇచ్చింది. పొలం ఇచ్చాడు గానీ బావి మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు. మొదటిరోజే నాగభూషణం దేవానందాన్ని ఆ బావి దగ్గరికి తీసుకుపోయి, చప్టా ఇవతలే ఆపేశాడు.

"నీ హద్దు ఇక్కడికే. చేద ముట్టుకోబాక. పిల్లకాయలు తోడిపోస్తారు, నువ్వు చెప్తా ఉండు."

"వాళ్లు తోడకపోతేనండీ?"

"తోడించుకోవాల. నీకు మార్కులేసేది అందుకేగా."

పిల్లలు తోడలేదు. అంతా ఆసాముల కొడుకులు. వెంకటకృష్ణయ్య కొడుకు శేషగిరి ఎట్లా అంటే మిగతావాళ్లు అట్లా. దేవానందం విత్తనం గురించి చెబుతుంటే గట్టు మీద కూర్చుని, "ఇయ్యన్నీ మా పాలేళ్లకు చెప్పు సార్, వాళ్లకైతే పనికొస్తయ్" అని నవ్వేవాళ్లు. మిరపనారు మడి అతనే తవ్వాడు, అతనే చదును చేశాడు, విత్తనమూ అతనే చల్లాడు. మొలకలు వచ్చాయి. వాన రాలేదు. కొన్నాళ్లు వాగులో చెలమ తీసి కావిడితో నీళ్లు మోశాడు. భుజాలు కమిలిపోయాయి. చివరికి చెలమా ఎండింది.

లెక్చరర్ అబ్దుల్ మజీద్ పాఠం చూడ్డానికి వచ్చేసరికి నారు తలవాల్చేసి ఉంది. నారుమడికి తడి పెట్టడం ఆ రోజు పాఠం. మజీద్ గట్టు మీద కుర్చీ వేయించుకున్నాడు. పక్కనే నాగభూషణం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"శేషగిరీ, చేద వేసి నీళ్లు తోడు," అన్నాడు దేవానందం.

"చేతులు నొప్పి సార్."

పక్కవాణ్ణి అడిగితే వాడికీ నొప్పే. క్లాసంతటికీ ఒక్కసారే నొప్పులు వచ్చాయి. నాగభూషణం నవ్వు దాచుకోను కూడా లేదు.

దేవానందం నారు వైపు చూశాడు. తిన్నగా చప్టా ఎక్కి చేద బావిలోకి విడిచాడు. పిల్లలు కెవ్వుమని వెనక్కి తగ్గారు. శేషగిరి ఇంటికి పరుగెత్తాడు.

అతను మడిలో కాసిని నీళ్లు పోశాడో లేదో, కొడుకును వెంటబెట్టుకుని వెంకటకృష్ణయ్య వచ్చిపడ్డాడు.

"చేద ముట్టుకుంది ఎవడ్రా?"

"నేనే."

"తెలిసే?"

"తెలిసే. నారు చస్తా ఉంది. మీవాడు తోడనన్నాడు."

మజీద్ లేచాడు. "అయ్యా, బావి ముట్టుకోవద్దనడం నేరం. అంటరానితనం మీద చట్టం వచ్చి నాలుగేళ్లయింది."

"ఆ చట్టం గుంటూర్లో చెప్పుకోండి సాయిబూ. ఇది నా బావి."

మైలపడ్డ నీళ్లన్నీ తోడి పారబోస్తేగానీ ఆ బావి పనికిరాదన్నాడు వెంకటకృష్ణయ్య. తోడేదెవరు? అతని పాలేళ్లంతా దేవానందం కులంవాళ్లే. వాళ్లు ముట్టుకుంటే మైల రెట్టింపవుతుంది. అతను చుట్టూ చూసి కొడుకు మీద విరుచుకుపడ్డాడు.

"చూస్తా నిలబడ్డావేందిరా? అందరూ పట్టండి. అడుగు కనపడేదాకా తోడండి."

నొప్పులున్న చేతులన్నీ తాళ్లు పట్టుకున్నాయి. చేద మీద చేద నీళ్లు చప్టా మీదినుంచి దొర్లాయి. పల్లం బడి పొలం వైపే ఉంది. దేవానందం పార అందుకుని చిన్న కాలవలా బోదె కొట్టి, ఆ నీళ్లను నారుమడికి మళ్లించాడు. అక్కడే నిలబడి గొంతెత్తాడు.

"తడి జోరుగా పెడితే లేతవేరు బయటపడుతుంది. బోదె మూతి దగ్గర ఇట్లా గడ్డి పరిస్తే నీళ్లు నెమ్మదిస్తాయి."

"నోరు మూసుకో," అన్నాడు శేషగిరి ఒగరుస్తూ.

"మూసుకోను. ఇది నా పీరియడ్. తాడు వదలకుండా విను."

తోడమన్నది తండ్రి గనక శేషగిరి తాడు వదల్లేకపోయాడు. ఆపండని వెంకటకృష్ణయ్య అనలేకపోయాడు. మజీద్ మళ్లీ కుర్చీలో కూర్చుని పాఠం కడదాకా విన్నాడు. పొద్దు వాలేసరికి బావి అడుగున బురద తేలింది. మడి నిండుగా తడిసింది.

సాయంత్రం ఆఫీసు గదిలో నాగభూషణం తెల్లకాగితం ముందుకు తోశాడు.

"తప్పయిందని రాయి."

"రాయను."

"అట్టయితే ఈ బళ్లో నీకు చోటు లేదు."

"ఎప్పుడు ఉంది గనక?"

పాఠానికి మంచి మార్కులే వేశానని మజీద్ బయట చెప్పాడు. మిగతా వారాలు నరసరావుపేటలో పూర్తిచేయమన్నాడు. చట్టం గురించి మళ్లీ ఎత్తలేదు. దేవానందం దానికీ లోపల రగిలిపోయాడు.

మర్నాడు పొద్దున ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని నడికుడి రైలుకు బయలుదేరాడు. ఊరి చివర శేషగిరీ, వాడి జట్టూ కాచుకుని ఉన్నారు. ఒక మట్టిగడ్డ వచ్చి పెట్టెకు తగిలి చిట్లింది. అతను పెట్టె దించి, వెనక్కి తిరిగి వాళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇంకో గడ్డ లేవలేదు. ఒకడు జారుకున్నాడు, తర్వాత ఇంకొకడు. శేషగిరి కూడా తల తిప్పుకుని పోయేదాకా దేవానందం అక్కడే ఉండి, అప్పుడు పెట్టె ఎత్తుకున్నాడు.