చింతపండుతో తోమిన విజయం

బర్మింగ్‌హామ్‌లోని నా పాత వస్తువుల కొట్టుకు సరుకు ఏదొచ్చినా ముందు ఇంట్లో లక్ష్మీదేవి పటం దగ్గర ఒక పూట ఉంచడం నా అలవాటు. పదేళ్లపాటు దానివల్ల లాభమే తప్ప నష్టం లేదు. 2014లో ఆ లెక్క తప్పింది.

కోవెంట్రీ డాక్టరు విద్యాసాగర్ గారు పాత పతకాలు సేకరిస్తారు. వెల కట్టమని ఒకటి నా చేతిలో పెట్టి వెళ్లారు. 1741 నాటి ఇత్తడి పతకం. దానిమీద ఇంగ్లీషు నౌకాసేనాని వెర్నన్ ముందు స్పెయిన్ సేనాని మోకరిల్లి కత్తి అప్పగిస్తుంటాడు. నిజానికి ఓడింది వెర్నన్. గెలుస్తాడన్న ధీమాతో ముందే అచ్చువేసి జనంలోకి వదిలేశారు. ఒంటికాలి స్పెయిన్ వాడికి రెండు కాళ్లూ చెక్కారు. ఇన్నేళ్లకు ఆ అబద్ధానికి వెల తెచ్చేది, పాతదనానికి సాక్ష్యంగా దానిమీద పేరుకున్న నలుపే.

శుక్రవారం పొద్దున పటం దగ్గర చూస్తే అది బంగారంలా మెరుస్తోంది.

"అత్తమ్మా! ఏం చేశారు?"

"తోమిన బిడ్డా," అన్నారు మా అత్తగారు కమలాబాయి, దీపపు కుందులు తుడుస్తూ. "ఎంత చిలుం పట్టిందో! చింతపండు రెండుసార్లు పెట్టిన. దేవుని కాడ గట్ల పెడ్తరా ఎవరన్న?"

పదకొండుకు డాక్టరు గారు కొట్టుకు వస్తారు. కొట్టు తెరిచి, ఇత్తడిని నల్లబరిచే మందు సీసా బల్లమీద పెట్టి మూత తీశాను. నాలుగు చుక్కలు చాలు. కానీ బయటపడితే ఇక ఎవరూ తమ వస్తువు నా చేతికివ్వరు. నిజం చెబితే పోయేది ఈయనొక్కరే. అదే చవక. మూత బిగించాను. సీసా దాచేలోగా తలుపు తెరుచుకుంది.

జరిగింది చెప్పాను. ఆయన నవ్వేశారు. "మా ఆవిడా ఇంతేనండీ! నేనైతే బీరువాకి తాళం వేస్తాను." అంతలో సీసా కంటబడింది. "అదేంటి గోపాల్‌రావు గారూ?"

"ఇత్తడిని నల్లబరిచే మందండీ."

"వేస్తే కనిపెట్టగలరా ఎవరైనా?"

"చేయి తిరిగినవాడు వేస్తే... కష్టమండీ."

ఆయన నవ్వు ఆగింది. "కిందటేడు మీ దగ్గర మూడు పతకాలు కొన్నాను."

"వాటిది అసలు నలుపేనండీ. ఒట్టు."

బేరంలో నేనెప్పుడూ ఒట్టు వేయలేదు. ఆయనకూ అది తెలుసు. పతకాన్ని రుమాలులో చుట్టుకున్నారు. "నాటింగ్‌హామ్‌లో పతకాల మంచిచెడ్డలు తెలిసినాయన ఉన్నాడు. ఆ మూడూ ఓసారి చూపిస్తాను. ఏమీ అనుకోకండి."

"చూపించండి," అన్నాను.

ఆయన వెళ్లాక పాత లెక్కల పుస్తకం తీశాను. ఆ మూడూ నేను ఒక వేలంలో కొన్నవి. నలుపు అసలుదేనా అని ఆరోజు ఎవర్నీ అడగలేదు.